బఖాకి దక్కని మాటలు

నా దగ్గర రెండొందల పేజీల పొడుగు నోటుబుక్కు ఒకటుంది. అట్ట ఊడిపోతే సిమెంటు సంచి కాగితంతో మళ్లీ అట్ట వేశాను. అందులో ఉన్నవన్నీ ఒకే నవలలోంచి ఏరుకున్న ఇంగ్లీషు మాటలు. ఆ నవల ముల్క్ రాజ్ ఆనంద్ రాసిన 'అన్‌టచబుల్'. 1935లో లండన్‌లో అచ్చయింది. బఖా అనే పద్దెనిమిదేళ్ల పాకీ కుర్రాడి బతుకులో ఒక్క రోజే ఆ నవల. పొద్దున పాకీదొడ్లు కడగటంతో మొదలై, పొద్దుగూకి ఇంటిదారి పట్టటంతో అయిపోతుంది. నాకొచ్చిన ఇంగ్లీషులో మంచి భాగం ఆ కుర్రాడి వెనక నడుస్తూ నేర్చుకున్నదే. అందుకు ఆ పుస్తకానికి నేను బాకీ ఉన్నాను. బాకీ ఉన్నచోట లెక్క కూడా చూసుకోవాలి గదా. ఆ లెక్కే ఇది.

మాది ప్రకాశం జిల్లాలో ఒక మాదిగపల్లె. మా నాయన చచ్చిన గొడ్డుని కోసి, తోలు తీసి, లందలో నానబెట్టి, తంగేడు చెక్క వేసి పదును చేసేవాడు. నేను చదివింది తెలుగు మీడియం. మా ఇంట్లో డిగ్రీ గుమ్మం తొక్కిన మొదటివాణ్ణి నేనే. ఇంగ్లీషంటే నాకు వ్యాసాలు బట్టీపట్టి ముప్పై అయిదు మార్కులు తెచ్చుకోవటమే. డీఎస్సీలో ఉద్యోగం వచ్చాక పిల్లలకి ఇంగ్లీషు చెప్పాల్సొచ్చింది. నాకు రానిది వాళ్లకేం చెప్తాను? సిగ్గుపడి దూరవిద్యలో ఎం.ఏ. ఇంగ్లీషు కట్టాను.

మొదట అందరూ చేసే పనే నేనూ చేశాను. పోటీ పరీక్షల పుస్తకాల్లో వుండే మాటల జాబితాలు తెచ్చుకుని రోజుకి ఇరవై చొప్పున వల్లెవేశాను. 'ఎబులియెంట్', 'గ్రిగేరియస్', 'లోక్వేషస్'. పొద్దున నేర్చుకున్నవి సాయంత్రానికి ఎగిరిపోయేవి. నా బుర్ర మీద నాకే అనుమానం వచ్చింది. మనకి రాదేమోలే అనుకున్నాను. ఈ 'మనకి' అనే మాటలో నేనొక్కణ్ణే లేను. మా పల్లె అంతా ఉంది. మన బుర్ర మీద మనకే అనుమానం రావటం వెనక ఎంత చరిత్ర ఉందో చదువుకున్న ప్రతి దళిత కుర్రాడికీ తెలుసు.

ఆ రోజుల్లో విజయవాడ లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల షాపులో 'అన్‌టచబుల్' దొరికింది. సిలబస్‌లో ఉంది కాబట్టి కొన్నాను. బస్సులో మొదటి పేజీ తెరిచాను. ఊరికీ కంటోన్మెంటుకీ బయట, రెండు వరసల మట్టిగోడల ఇళ్లు. అందులో పాకీవాళ్లు, తోలు పని వాళ్లు, చాకళ్లు, మంగళ్లు. పక్కన కంపు కొట్టే కాలవ. చదువుతుంటే తెలియని మాటలు వరసగా తగిలాయి. 'కార్కస్', 'హైడ్', 'డంగ్', 'రెఫ్యూజ్', 'పంజెంట్'. ఇంటికొచ్చి డిక్షనరీ చూశాను. కార్కస్ అంటే చచ్చిన గొడ్డు కళేబరం. హైడ్ అంటే తోలు. డంగ్ అంటే పేడ. రెఫ్యూజ్ అంటే చెత్త. పంజెంట్ అంటే ముక్కులు అదిరే ఘాటు. డిక్షనరీ మూసి చాలాసేపు కూచున్నాను. ఇవన్నీ మా ఇల్లే. మా లందే. ఆ వాసన నా చిన్నప్పటి చొక్కాలకి ఉండేది. ఆ అయిదు మాటలూ ఒక్కసారికే వచ్చాయి. మళ్లీ పోలేదు.

అప్పుడు నా బుర్ర గురించిన అనుమానం పోయింది. 'గ్రిగేరియస్' నాకు నిలవకపోవటం నా తప్పు కాదు. ఆ మాటకి మా ఇంట్లో కూచోటానికి పీట లేదు. 'కార్కస్'కి ఉంది. పెద్ద ఇళ్ల పిల్లలకి ఇంగ్లీషు మాటలు తొందరగా వస్తాయంటే వాళ్ల నెత్తురులో ఏదో ఉందని కాదు. పుస్తకాల్లో కనపడే పియానో, లైబ్రరీ, విహారయాత్ర వాళ్ల ఇళ్లకి దగ్గరి చుట్టాలు. మన ఇంటి చుట్టాలు కూడా ఇంగ్లీషులో ఉన్నారు. వాళ్లని మనకి పరిచయం చేసే పుస్తకాలే మన చేతికి రావు.

ఒక్కో మాట గురించి కాస్త చెప్పుకోవాలి.

'హైడ్' నాకు అంతకుముందే తెలుసు. దాచుకోవటం, దాక్కోవటం. బళ్లో నేర్చుకున్న అర్థం అదే. తోలుకి కూడా అదే స్పెల్లింగని ఈ నవలలోనే తెలిసింది. రెండూ వేర్వేరు మాటలట, రాత మాత్రం ఒకటే. కానీ నా బతుకులో ఆ రెండూ వేరు కాదు. హాస్టల్లో చేరేటప్పుడు తండ్రి వృత్తి అన్నచోట వ్యవసాయం అని రాశాను. మాకు సెంటు భూమి లేదు. నాయన నన్ను చూడటానికి వస్తే గేటు బయటే మాట్లాడి పంపించేవాణ్ణి. ఆయన చేతులకి తంగేడు చెక్క ఎరుపు పట్టి ఉండేది. ఎంత రుద్దినా పోదు. నా స్నేహితులు ఆ చేతులు చూస్తారని నా భయం. తోలుని దాచుకుంటూ పెరిగినవాడికి ఆ రెండు అర్థాలూ ఒకే స్పెల్లింగులో కనపడితే ఎట్టా ఉంటుందో, అది ఏ డిక్షనరీలోనూ రాయరు.

'రెఫ్యూజ్' కూడా అట్టాంటిదే. 'ఫ్యూ' మీద ఊతమిచ్చి పలికితే కాదనటం. 'రె' మీద ఊతమిచ్చి పలికితే చెత్త. కాదని పారేసిందే చెత్త అని నేను అర్థం చేసుకున్నాను. ఎవరు కాదన్నారు, ఎవరిని కాదన్నారు అన్న ప్రశ్నలు మాత్రం మనమే వేసుకోవాలి.

'పోష్' దగ్గర బోర్లా పడ్డాను. బఖా బజార్లో నడుస్తూ 'పోష్, పోష్' అని అరవాలి. డిక్షనరీ చూస్తే దర్జా, గొప్పింటి తీరు అని ఉంది. దర్జాగా అరుస్తున్నాడా ఈ పాకీ కుర్రాడు? రెండు రోజులు తికమకపడ్డాను. తర్వాత తెలిసింది, అది ఇంగ్లీషు మాటే కాదు. తప్పుకోండి, పాకీవాడు వస్తున్నాడు అని చేసే హెచ్చరిక. మా తాత ఊరి బజార్లోకి పోయేటప్పుడు తాను కుట్టిన చెప్పులు తానే చేతిలో పట్టుకుని, మలుపు దగ్గర గట్టిగా దగ్గేవాడట. ఆ దగ్గు మా తాత 'పోష్'. నోటుబుక్కులో ఆ మాటకి ఎదురుగా దర్జా అని కొట్టేసి 'తాత దగ్గు' అని రాసుకున్నాను.

'అవుట్‌కాస్ట్' మాట ఎం.ఏ. అసైన్‌మెంటులో వాడాను. చివర 'ఇ' అక్షరం పెట్టి రాశాను. దిద్దినాయన ఆ 'ఇ' చుట్టూ ఎర్ర సున్నా చుట్టి, స్పెల్లింగు తప్పు అన్నాడు. నేను నవల తీసి చూశాను. ఆనంద్ 'ఇ'తోనే రాశాడు. డిక్షనరీలో రెండూ ఉన్నాయి. 'ఇ' లేని మాట ఎవరో తరిమేసినవాడికి, ఏ దేశంలోనైనా ఎవరికైనా సరిపోతుంది. 'ఇ' ఉన్న మాటలో కులం ఉంది. కులానికి ఇంగ్లీషువాళ్ల దగ్గర సొంత మాట కూడా లేదు. పోర్చుగీసు 'కాస్టా' నుంచి వచ్చిన మాటనే వాడుకుంటున్నారు. ఆ 'ఇ' తీసేస్తే మన బాధ లోకంలో అందరికీ ఉండే మామూలు బాధ అయిపోతుంది. ఆ ఎర్ర సున్నా గీసినాయనకి అది స్పెల్లింగే. నాకది అడ్రసు.

'డిఫైల్' అనే మాట నాకు తేలిగ్గా వచ్చింది. బజార్లో పొరపాటున బఖా తగిలితే ఆ పెద్దమనిషి నువ్వు నన్ను డిఫైల్ చేశావని అరుస్తాడు, చెంప మీద కొడతాడు. గుళ్లో పూజారి పండిత్ కాళీనాథ్ బఖా చెల్లెలు సోహిని మీద చెయ్యి వేయబోయి, ఆమె కేక వేస్తే తానే మైలపడ్డానని గోల చేస్తాడు. ఆ మాటకి తెలుగులో అపవిత్రపరచటం అని మా నాయనమ్మ బైబిల్లో వింటూ పెరిగాను. మా నాయనమ్మ అక్షరాలు దిద్దుకుంది మిషన్ బళ్లో. ఒంగోలు చుట్టుపక్కల మాదిగలకి బడి అనేది మొదట చూపించింది ఆ మిషనే. కరువు వెళ్లిన 1878లో, జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజునే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. క్లౌ దొర కాలం అది. ఈ నవలలో కల్నల్ హచిన్సన్ అనే పాదిరీ ఉన్నాడు. సాల్వేషన్ ఆర్మీవాడు. అతను, అతని నోరుపెట్టుకుని అరిచే భార్య ఇద్దరూ నవ్వులాట మనుషులు. బఖాకి అతను పాడే పాటలు ఒక్క ముక్క అర్థం కావు. పంజాబులో ఆనంద్ చూసిన పాదిరీ అట్టాంటివాడే కావొచ్చు. నవ్వొద్దని నేననను. కానీ అక్షరం కోసం పాదిరీ గుమ్మం ఎక్కాల్సిన అవసరం లేనివాడి నవ్వు అది. మా నాయనమ్మ అట్టా నవ్వలేదు. మతం సంగతి ఎట్టా ఉన్నా ఆమెకి దొరికిన మొదటి పలక అక్కడే దొరికింది.

ఇక అసలు సంగతికి వస్తాను.

వేసవి సెలవుల్లో మా నాయనకి ఈ నవల కథ తెలుగులో చెప్పాను. రోజుకి కొంచెం చొప్పున, సాయంత్రం మంచం మీద కూచుని చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. చెంపదెబ్బ దగ్గర పళ్లు కొరికాడు. తర్వాత బఖా ఇంటికొచ్చి తండ్రి లఖాకి జరిగిందంతా చెప్పుకుని ఆవేశపడతాడు. అప్పుడు లఖా ఒక కథ చెప్తాడు. బఖా పసివాడుగా ఉన్నప్పుడు జ్వరం వచ్చి చావుబతుకుల్లో ఉంటే, తాను వైద్యుడి గుమ్మంలో కాళ్లావేళ్లా పడ్డానని, చివరికి ఆ పెద్దకులం హకీము తమ గుడిసెకే వచ్చి మందిచ్చి బతికించాడని. వాళ్లు మనకన్నా పెద్దోళ్లు, దయగలవాళ్లు, మనం ఓర్చుకోవాలి అని ఆ కథ సారాంశం. బఖా కోపం ఆ కథతో చల్లబడిపోతుంది.

మా నాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, 'నేనూ నీకట్టాంటి కతలే చెప్పినా గదరా.'

చెప్పాడు. ఆరో తరగతిలో ఒక మోతుబరి కొడుకు నన్ను బావి దగ్గర తోసేస్తే ఏడుస్తూ ఇంటికొచ్చాను. అప్పుడు నాయన ఆ మోతుబరి తండ్రి ఎంత మంచివాడో చెప్పాడు. కరువులో గింజలిచ్చాడని, పాత చొక్కాలిచ్చాడని. నేను ఏడుపు ఆపేశాను. ఇన్నేళ్ల తర్వాత, ఎక్కడో పంజాబు నవల విని, ఆయనకి అది గుర్తొచ్చింది. ఇంకో ప్రశ్న కూడా అడిగాడు. 'దెబ్బ తిన్నాడు సరే. పొద్దుగూకేదాకా అంతమంది మాట్లాడతా ఉంటే, ఈడు ఒక్క మాటన్నా ఎదురనలేదేందిరా?'

ఎం.ఏ. పాఠాల్లో ఆ ప్రశ్న నాకెవరూ వేయలేదు. నేనూ వేసుకోలేదు. మాటలు ఏరుకోవటంలో మునిగి, ఆ మాటలు ఎవరివో చూడలేదు.

అప్పుడు నోటుబుక్కు తీసి మళ్లీ మొదట్నుంచీ మొదలుపెట్టాను. బడిపంతులు పని కదా, గళ్లు గీశాను. ఈ మాట ఎవరు అన్నారు? రచయిత చెప్తున్నాడా? గాంధీ ఉపన్యాసంలో ఉందా? చివర్లో వచ్చే బారిస్టరు, కవి మాట్లాడుకునేదాంట్లో ఉందా? పాదిరీదా? బఖా నోట్లోంచి వచ్చిందా? ఒక్కొక్కరికీ పేజీలు వదిలాను. రచయిత పేజీలు నిండిపోయాయి, కొత్త కాగితాలు అంటించాల్సొచ్చింది. కవిగారివి, బారిస్టరుగారివి నిండాయి. గాంధీగారిది బాగానే నిండింది. బఖా పేజీ సగం కూడా నిండలేదు. అతని నోట్లో ఉన్నవి పొట్టి మాటలు, బతిమాలే మాటలు, తప్పయిపోయిందనే మాటలు. సోహినికి ఇంకా తక్కువ. గుడి దగ్గర జరిగింది అన్నకి చెప్పుకున్న రెండు మూడు మాటలు తప్పితే ఆమె గొంతు పెద్దగా వినపడదు. బఖా కోపం గురించి, సిగ్గు గురించి, ఒంట్లో మండే మంట గురించి ఎంత మంచి ఇంగ్లీషు ఉందో చెప్పలేను. నేను నేర్చుకున్నదంతా అదే. కానీ ఆ ఇంగ్లీషు బఖా గురించి ఉంది. బఖా దగ్గర లేదు.

బఖాకి చదువు రాదు కాబట్టి అంతే గదా అని ఎవరన్నా అనొచ్చు. నిజమే. బళ్లో చేర్చుకోరు. మిగతా పిల్లల తల్లిదండ్రులు ఒప్పుకోరు. పంతులు కొట్టటానికైనా తాకాల్సొస్తుంది గదా. అయినా బఖాకి ఇంగ్లీషు కావాలి. టామీలు మాట్లాడే ఆ గుసగుసల భాష కావాలి. డబ్బులు పెట్టి ఇంగ్లీషు వాచకం కొనుక్కున్నాడు, అక్షరమాల దాటలేదు. బాబుగారి అబ్బాయిని పట్టుకుని పాఠానికి ఒక అణా చొప్పున ఇస్తాను చెప్పమంటాడు. నవల మొత్తంలో నన్ను ఎక్కువ కదిలించింది ఆ అణా. కానీ నవల అయిపోయేదాకా ఆ పాఠం మొదలే కాదు.

ఈ నవల రాసిన తీరు గురించి ఆనంద్ తర్వాత కాలంలో తానే చెప్పుకున్నాడు. రాతప్రతి పట్టుకుని సబర్మతీ ఆశ్రమానికి వెళ్లి గాంధీకి చూపించాడట. హరిజన కుర్రాడు ఇట్టా మాట్లాడడు, పెద్ద పెద్ద మాటలు తీసెయ్యి అన్నది గాంధీ సలహా. బఖా లండన్ బ్లూమ్స్‌బరీ మేధావిలాగా ఆలోచిస్తూ, కలలు కంటూ, మథనపడే చోట్లు కొట్టేశాడు. వందకి పైగా పేజీలు పోయాయని ఆనంద్ మాట.

నేను దీన్ని చదివి రెండు రకాలుగా ఆలోచించాను. గాంధీ చెప్పింది రచనకి సంబంధించినంతవరకూ తప్పు కాదు. చదువులేని పిల్లాడు బారిస్టరులా మాట్లాడితే నవల అబద్ధమవుతుంది. ఆనంద్ నిజాయితీ ఉన్న రచయిత కాబట్టే కొట్టేశాడు. కానీ బడి గుమ్మం దగ్గర ఒకసారి, రాతప్రతిలో ఇంకోసారి, రెండుసార్లు ఆ కుర్రాడి నోట్లోంచి మాటలు తీసేసినట్టయింది. మొదటిది అన్యాయం అని అందరికీ తెలుసు. రెండోది సహజత్వం అనిపించుకుంది. మన మూగతనాన్ని వాస్తవికత పేరుతో మెచ్చుకోవటం ఈ దేశ సాహిత్యంలో పాత అలవాటు. పెద్ద మాటలు మాట్లాడే దళితుడు కనపడితే అసహజంగా ఉందంటారు. నా తోటి ఉపాధ్యాయులు కొందరు నేను మీటింగులో ఒక మంచి ఇంగ్లీషు మాట వాడితే ఇప్పటికీ నవ్వు దాచుకుంటారు.

ఈ నవలకి ముందుమాట రాసింది ఇ.ఎం. ఫార్‌స్టర్. 'ఎ పాసేజ్ టు ఇండియా' నవల రాసినాయన. పందొమ్మిది మంది ప్రచురణకర్తలు తిప్పి పంపిన పుస్తకం ఆయన అండ దొరికాకే అచ్చయింది. ఆ మేలు మర్చిపోకూడదు. కానీ ఆ ముందుమాటలో ఒక మాట ఉంది. ఏ అంటరానివాడూ ఈ పుస్తకం రాయలేకపోయేవాడట. రాస్తే 'ఇండిగ్నేషన్'లో, 'సెల్ఫ్ పిటీ'లో కూరుకుపోయేవాడట. ఆనంద్ క్షత్రియుడు కాబట్టి కావాల్సినంత దగ్గరగా, కావాల్సినంత 'డిటాచ్‌మెంట్'తో చూశాడట. ఇండిగ్నేషన్, అన్యాయాన్ని చూస్తే వచ్చే కోపం. సెల్ఫ్ పిటీ, తన మీద తానే జాలిపడటం. డిటాచ్‌మెంట్, అంటకుండా నిలబడటం. ఈ మూడు మాటలూ నేను ఆ ముందుమాటలోనే నేర్చుకున్నాను. నాకు చేతకాదని చెప్పటానికి వాడిన మాటలతోనే నా ఇంగ్లీషు పెరిగింది. అంటరాని బతుకు గురించి రాయటానికి అంటకుండా ఉండటమే అర్హత అన్నప్పుడు, ఆ వాక్యంలోని ఎకసెక్కం ఆయనకి తట్టలేదేమో.

ఆ జోస్యం నిలవలేదు. మరాఠీలో దయా పవార్ 'బలుతం' 1978లో వచ్చింది. తమిళంలో బామ 'కరుక్కు' 1992లో వచ్చింది. మన తెలుగులో 1995లో 'చిక్కనవుతున్న పాట' వచ్చింది. బఖా లాగే ఊడ్చే కులంలో పుట్టిన ఓంప్రకాశ్ వాల్మీకి 1997లో హిందీలో 'జూఠన్' రాశాడు. అందులో హెడ్మాస్టరు పిల్లాడి చేత బడంతా ఊడిపిస్తుంటే తండ్రి చూసి, చీపురు లాగి పారేసి, ఆ హెడ్మాస్టరు మీద విరుచుకుపడతాడు. లఖాని, ఈ తండ్రిని పక్కపక్కన పెట్టి చూడండి. ఒకరు బయటినుంచి చూసి రాసిన తండ్రి. ఒకరు కొడుకు గుర్తుపెట్టుకున్న తండ్రి. లఖా అబద్ధమని నేననను. మా నాయనే సాక్ష్యం. కానీ అందరు తండ్రులూ లఖాలు కారు. కోపమున్న తండ్రి బయటివాడి కంటికి తొందరగా కనపడడు. ఇండిగ్నేషన్ మన రాతకి అడ్డం పడలేదు. అదే మన చేత రాయించింది.

ఆ సంవత్సరాలే చూడండి. 'అన్‌టచబుల్' వచ్చిన 1935లోనే అక్టోబరులో యేవలా సభలో బాబాసాహెబ్ అంబేడ్కర్ తాను హిందువుగా చావనని ప్రకటించాడు. మరుసటి ఏడాది జరగాల్సిన తన సభలో అధ్యక్షోపన్యాసానికి లాహోరులోని జాత్-పాత్-తోడక్ మండలి ఆయన్ని పిలిచింది. ఉపన్యాసం ముందుగా చూసి భయపడి కొన్ని చోట్ల మార్చమంది. కామా కూడా మార్చనన్నాడు బాబాసాహెబ్. సభే రద్దయింది. ఆయన తన ఖర్చుతో అచ్చువేశాడు. అదే 'కులనిర్మూలన', 1936. ఒకే కాలంలో ఒక రాతప్రతిలో బఖా పెద్ద మాటలు పోయాయి. ఇంకో రాతప్రతిలో ఒక అంటరానివాడి పెద్ద మాటలు కామాతో సహా నిలిచాయి. నవల చివర్లో బఖాకి మూడు దారులు వినపడతాయి. పాదిరీ చూపిన క్రీస్తు, గాంధీ మాట, కవి చెప్పే ఫ్లష్ దొడ్డి. అంబేడ్కర్ దారి ఆ మూడింట్లో లేదు. చదువుకో, నీ మాట నువ్వే మాట్లాడు అని బఖాకి ఎవరూ చెప్పరు. మూడుచోట్లా బఖా పని వినటమే.

ఆ ఫ్లష్ సంగతి కూడా చూశాం. యంత్రం వస్తే పాకీ పని పోతుంది, పని పోతే అంటు పోతుంది అని ఆ కవి ఆశ. 1993లో పాకీ పని నిషేధ చట్టం వచ్చింది. చాలక 2013లో ఇంకో చట్టం తెచ్చి, అందులో మురుగు కాలవల్ని, సెప్టిక్ ట్యాంకుల్ని కూడా చేర్చాల్సొచ్చింది. ఫ్లష్ వచ్చింది. అది కొట్టుకుపోయి చేరే గుంటలోకి దిగేవాడి కులం మారలేదు. దిగి ఊపిరాడక చచ్చిపోతున్నవాళ్ల వార్తలు మనం చదువుతూనే ఉన్నాం.

ఇంత చెప్పాక, ఈ నవల చదవొద్దంటానా? అనను. తప్పకుండా చదవండి. పాకీ కుర్రాడి మనసుని నడిమధ్యలో పెట్టి, అతని ఒంటి బలాన్ని, పనిలో శుభ్రాన్ని, సాహెబు బట్టల మీద అతని మోజుని అంత ప్రేమగా రాసిన నవల ఆ కాలంలో ఇంకోటి నాకు తెలియదు. ఇంగ్లీషు నేర్చుకోవాలనుకునే మన పిల్లలకి ఇంతకన్నా మంచి వాచకం నేను చూపించలేను. చదివే పద్ధతి మాత్రం చెప్తాను. తెలియని ప్రతి మాట దగ్గరా ఆగొద్దు. పేజీ అంతా చదివి, అర్థం ఊహించి, అప్పుడు డిక్షనరీ తియ్యండి. మాటకి ఎదురుగా డిక్షనరీ అర్థం ఒక్కటే రాస్తే నిలవదు. మీ ఇంట్లో దాన్ని ఏమంటారో అదీ రాయండి, లంద అయితే లంద, రంపె అయితే రంపె. మూడో గడిలో ఆ మాట ఎవరిదో రాయండి. నిన్ను చూసి అన్నదా, నువ్వు అన్నదా? మొదటి రెండు గళ్లూ ఇంగ్లీషు నేర్పుతాయి. మూడోది చదవటం నేర్పుతుంది.

మా బళ్లో ఇప్పుడు అట్టానే చేయిస్తున్నాను. మొన్న ఏడో తరగతిలో 'హైడ్' చెప్తూ రెండు అర్థాలూ బోర్డు మీద రాశాను. మా నాయన తోలు పని చేసేవాడని పిల్లలకి చెప్పాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో తరగతి గదిలో ఆ మాట అనటం అదే మొదలు. వెనక బెంచీలో ఒక పిల్ల లేచి, 'మా తాత కూడా సార్' అంది. ఇంకొకడు, 'మా అమ్మ మున్సిపాల్టీలో ఊడుస్తది సార్, దానికేమంటారు?' అన్నాడు. ఒక్కో మాటా బోర్డు మీదకెక్కింది. గంట కొట్టినా ఆపలేదు.

బఖా అణా ఇస్తానన్నా మొదలుకాని పాఠం అది. మా బళ్లో రోజూ మొదటి పీరియడు అదే.